వర్చువల్ మెషిన్ లేవనప్పుడు ముందు చూడాల్సింది బూట్ మోడ్
(హన్మకొండలో డిగ్రీ కంప్యూటర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న ఫైనల్ ఇయర్ పిల్లలకు ఈ మాటలు ఎక్కువ అవసరం. ప్రాజెక్టులు నడుస్తున్నాయి, సగం మంది ల్యాప్‌టాపుల్లో వర్చువల్ మెషిన్లు, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్లు, ఉన్నాయి. అట్లాంటి మెషిన్ లేవనప్పుడు అది ఏ పద్ధతిలో బూట్ అవుతోందో, అంటే దాని బూట్ మోడ్ ఏమిటో, ముందు చూడాలి.

పోయినేడు రివ్యూకి ముందు రోజు సాయంత్రం ఒకమ్మాయి ల్యాబ్‌కి వచ్చింది. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చి పోయే అమ్మాయి. ఇంట్లో అన్న ల్యాప్‌టాప్‌లో, వర్చువల్‌బాక్స్ అనే వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్‌లో డెబియన్ లినక్స్ వేసుకుని మూడు నెలలు ప్రాజెక్టు చేసింది. రివ్యూ మా ల్యాబ్ సిస్టమ్ మీద చూపించాలి కాబట్టి డిస్క్ ఫైలును, అంటే ఆ వీడీఐ ఫైలు ఒక్కదాన్నే, పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చింది. ఇక్కడ కొత్త మెషిన్ తయారు చేసి ఆ డిస్క్ తగిలించింది. స్టార్ట్ నొక్కితే బూట్ అయ్యే మీడియం ఏదీ దొరకలేదని నల్ల స్క్రీన్ మీద వచ్చింది. "సార్, మొత్తం పోయింది" అంది. కళ్లనిండా నీళ్లు. పక్కనున్న స్నేహితులు అప్పటికే డెబియన్ మళ్లీ ఎక్కించడానికి ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు, డౌన్‌లోడ్ మొదలుపెట్టారు.

ఆ డౌన్‌లోడ్ ఆపించాను. ఆ డిస్క్ మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుంటే మూడు నెలల పని నిజంగానే పోయేది. అప్పటికి ఏమీ పోలేదు. డిస్క్‌లో ప్రతి ఫైలూ పదిలంగా ఉంది. దాన్ని ఏ దారిలో లేపాలో కొత్త మెషిన్‌కి తెలియలేదు, అంతే.

కంప్యూటర్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ని వెతికే పని ఫర్మ్‌వేర్‌ది, అంటే మెషిన్‌లోనే ఉండి అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్‌ది. ఆ వెతకడం రెండు రకాలు. మీరు మొదటిసారి ఒక ఊరికి వెళ్లారనుకోండి. పాత పద్ధతిలో ఊరి మొదటి ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడుగుతారు. ఆయన ఏ దిక్కు చూపిస్తే అటు పోతారు. బయోస్ అనే పాత ఫర్మ్‌వేర్ అట్లాంటిది. డిస్క్‌లో మొట్టమొదటి సెక్టార్, అంటే మొదటి చిన్న ముక్క, చదువుతుంది. ఆ సెక్టార్ మొత్తం 512 బైట్లు. అందులో దారి చెప్పే కోడ్‌కి ఉన్న చోటు 446 బైట్లు, పార్టిషన్ల, అంటే డిస్క్ భాగాల, పట్టికకు 64, చివరి రెండు బైట్లు గుర్తు కోసం. 1983లో డాస్ 2.0తో వచ్చిన ఏర్పాటు ఇది, ఎంబీఆర్ అంటాం. మామూలు 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో ఆ పట్టిక 2 టెరాబైట్లు దాటి చూడలేదు.

రెండో పద్ధతిలో నేరుగా గ్రామ పంచాయతీ ఆఫీసుకే వెళ్తారు. అక్కడ రిజిస్టర్ ఉంటుంది, ఎవరి ఇల్లు ఎక్కడో పేరుతో సహా రాసి ఉంటుంది. ఇది యూఈఎఫ్ఐ అనే కొత్త ఫర్మ్‌వేర్. ఆ రిజిస్టర్ పేరు ఎన్‌వీర్యామ్, మెషిన్ ఆపినా చెరిగిపోని మెమరీ. డెబియన్ కావాలంటే ఫలానా పార్టిషన్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైలు నడపమని అందులో ఉంటుంది. ఆ ఫైలు ఉండే చోటు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, సాధారణంగా ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటుంది. డిస్క్ పట్టిక ఎక్కువగా జీపీటీ అనే కొత్త రకం. ఇంటెల్ తన ఐటానియం ప్రాసెసర్లున్న మెషిన్ల కోసం మొదలుపెట్టిన ఈ పద్ధతిని 2005 నుంచి యూఈఎఫ్ఐ ఫోరమ్ చూసుకుంటోంది.

ఆ అమ్మాయి ఇంటి దగ్గర మెషిన్ తయారు చేసినప్పుడు సిస్టమ్ సెట్టింగుల్లో ఈఎఫ్ఐ అనే టిక్కు, అంటే యూఈఎఫ్ఐ పద్ధతిలో లేవమనే టిక్కు, పెట్టింది. మా ల్యాబ్‌లో చేసిన కొత్త మెషిన్‌లో ఆ టిక్కు లేదు. వర్చువల్‌బాక్స్‌లో డెబియన్ అని ఎంచుకుంటే దానంతట అది టిక్కు పెట్టుకోదు. అంటే డిస్కేమో పంచాయతీ రిజిస్టర్ పద్ధతిలో తయారైంది, మెషినేమో అరుగు మీద పెద్దాయన కోసం వెతుకుతోంది. అరుగు ఖాళీ. మెషిన్ ఆపి టిక్కు పెట్టాం.

స్టార్ట్ నొక్కితే ఈసారి వేరే తెర వచ్చింది. నల్లటి స్క్రీన్, పసుపు అక్షరాలు, షెల్ అని రాసి ఉంది, అంటే కమాండ్లు టైప్ చేసే చోటు. ఆ అమ్మాయి ముఖం మళ్లీ వాడిపోయింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. తప్పు మారిందంటే మనం ముందుకు కదిలినట్టే కదా. ఆ తెర పైభాగంలో డిస్కుల జాబితా ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. అన్ని వరసలూ బీఎల్‌కే అనే అక్షరాలతోనే మొదలైతే ఫర్మ్‌వేర్‌కి తను చదవగలిగే పార్టిషన్ ఒక్కటీ కనిపించలేదని అర్థం, అప్పుడు ఆ డిస్క్ బయోస్ పద్ధతిలో పుట్టిందేమోనని అనుమానించాలి. ఎఫ్ఎస్0 అని ఒక వరస కనిపిస్తే పార్టిషన్ ఉంది. (ఐఎస్ఓ తగిలించి ఉంటే అది కూడా ఎఫ్ఎస్‌గా కనిపించి తికమక పెట్టవచ్చు. ముందు దాన్ని తీసేయండి.) మాకు ఎఫ్ఎస్0 కనిపించింది. దాన్నే టైప్ చేసి, కోలన్ పెట్టి, ఎంటర్ కొట్టాం. ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోకి, అందులో డెబియన్ ఫోల్డర్‌లోకి వెళ్లి గ్రబ్, అంటే డెబియన్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్, ఫైలు పేరు కొట్టాం. రెండు క్షణాల తర్వాత గ్రబ్ మెనూ వచ్చింది. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

మరి మొదటే ఎందుకు రాలేదు? ఆమె డిస్క్ తెచ్చింది గానీ రిజిస్టర్ తేలేదు. ఎన్‌వీర్యామ్ ఇంటి దగ్గర మెషిన్ ఫోల్డర్‌లో వేరే చిన్న ఫైలుగా ఉండిపోయింది. రిజిస్టర్ లేనప్పుడు యూఈఎఫ్ఐ చివరి ప్రయత్నంగా ముందే ఖాయం చేసిన ఒక చోట వెతుకుతుంది. ఏ ఊరికి పోయినా నడిబొడ్డున బొడ్రాయి ఉంటుంది కదా, అట్లా ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో బూట్ అనే ఫోల్డర్, దానిలో బూట్‌ఎక్స్64 అనే ఫైలు. డెబియన్ మామూలుగా అక్కడ ఏమీ పెట్టదు, తన సొంత ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. అందుకే మెషిన్ షెల్‌లో ఆగిపోయింది. డెబియన్ లేచాక గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్ ఒకసారి నడిపితే కొత్త రిజిస్టర్‌లో పేరు ఎక్కింది. బొడ్రాయి దగ్గర కూడా ఒక కాపీ పెట్టమని గ్రబ్‌కి చెప్పొచ్చు. డిస్కులు మోసుకు తిరిగేవాళ్లు తప్పకుండా అట్లా చెప్పుకోండి. ఇంకా మంచిది, డిస్క్ ఒక్కటే కాకుండా మెషిన్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకోండి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోండి.

డిస్క్ ఏ పద్ధతిలో పుట్టిందో గుర్తు లేకపోతే లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్) ఐఎస్ఓతో లేపి ఎఫ్‌డిస్క్ అనే కమాండ్‌కి మైనస్ ఎల్ పెట్టి నడపండి. డిస్క్‌లేబుల్ దగ్గర డాస్ అని ఉంటే దాదాపుగా బయోసే. జీపీటీ ఉండి, కింద ఈఎఫ్ఐ సిస్టమ్ అనే పార్టిషన్ కూడా కనిపిస్తే ముందుగా యూఈఎఫ్ఐతో ప్రయత్నించండి. మెషిన్ బాగా నడుస్తున్న రోజునే చూసి రాసి పెట్టుకుంటే ఇంత వెతుకులాట ఉండదు. లినక్స్‌లో సిస్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఈఎఫ్ఐ అని ఉందా లేదా చూస్తే చాలు. విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 తెరిస్తే బయోస్ మోడ్ అనే వరసలో లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది.

వర్చువల్ మెషిన్లు నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఇదే ఎంపిక ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల హైపర్-వీ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ జనరేషన్ 1 అంటే బయోస్, జనరేషన్ 2 అంటే యూఈఎఫ్ఐ, ఒకసారి ఎంచుకున్నాక మార్చే వీలుండదు. తప్పు ఎంచుకుంటే కొత్త మెషిన్ చేసి పాత డిస్క్‌ని దానికి తగిలించాలి. జనరేషన్ 2లో లినక్స్ పెట్టినవాళ్లకు సంతకం ఉన్న ఇమేజ్‌ని అనుమతించడం లేదని ఇంకో మెసేజ్ వస్తుంది. అది సెక్యూర్ బూట్ పని, అంటే తను నమ్మే డిజిటల్ సంతకం లేని బూట్ ఫైళ్లను నడవనీయని కాపలా. దాన్ని పూర్తిగా ఆపేయనక్కర్లేదు, సెక్యూరిటీ పేజీలో టెంప్లేట్‌ని విండోస్ నుంచి మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సర్టిఫికెట్ అథారిటీకి మారిస్తే ఉబుంటు, డెబియన్ లాంటివి లేస్తాయి.

పాత బయోస్ మెషిన్‌లో విండోస్ 10 ఉండి, దాన్ని 11కి మార్చాలనుకునేవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు. విండోస్ 11కి యూఈఎఫ్ఐ కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. వర్చువల్‌బాక్స్‌లో ఈ టీపీఎం సదుపాయం 7.0 నుంచి ఉంది. అయితే ఊరికే టిక్కు మార్చేస్తే మెషిన్ లేవదు. ముందు విండోస్ లోపల ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో డిస్క్ పట్టికను మార్చి, ఆ తర్వాత ఫర్మ్‌వేర్ మార్చాలి. ఈ పనిముట్టు విండోస్ 10 1703 వెర్షన్ నుంచి అందులోనే వస్తోంది. ఈ మార్పులు మొదలుపెట్టే ముందు మెషిన్ ఆపి డిస్క్ కాపీ ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వచ్చే పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ మీద ఐఎస్ఓలు దించుకుంటారు. విండోస్ 11 ఐఎస్ఓ ఒక్కటే 5 జీబీ దాటుతుంది. ఒక టిక్కు తేడాకు రెండు రోజుల డేటా, మూడు నెలల పని పోగొట్టుకోవడం నేను చూడలేను.

ఇక ల్యాబ్‌లోకి వెళ్దాం. రెండు మెషిన్లు పాడుచేసి పెట్టాను. ఒకదానిలో ఈఎఫ్ఐ టిక్కు తీసేశాను, ఇంకోదానిలో ఎన్‌వీర్యామ్ ఫైలు తీసేశాను. ఏది ఏదో చెప్పను. స్టార్ట్ నొక్కి, తెర మీద ఏం వచ్చిందో గట్టిగా చదవండి. మొదటి బ్యాచ్ రండి.