గుర్రం దవడ కింద గడ్డ: సూదికి ముందే స్వాబ్

[దృశ్యం: తెల్లవారుజాము, విశాఖపట్నం ఆర్కే బీచ్. తడి ఇసుకలో నడుస్తున్న గుర్రం.]

నమస్కారం. ఈ తీరంలో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాలను మీరు చూసే ఉంటారు. వాటిలో ఒకటి మేత మానేసింది, ముక్కు నుంచి చీము కారుతోంది, దవడ కింద గడ్డ లేచింది అనుకోండి. యజమాని ముందుగా యాంటీబయాటిక్ సూది వేయమంటాడు. నేను మాత్రం ముందు స్వాబ్‌తో, అంటే దూది చుట్టిన పుల్లతో, ఆ చీము కొంచెం కావాలంటాను. మందు పడిన తర్వాత తీసిన నమూనాలో బాక్టీరియా పెరగకపోవచ్చు. రోగం ఉంటుంది, దాని పేరు మాత్రం దొరకదు.

[దృశ్యం: ప్రయోగశాల. ఎర్రటి అగర్ పళ్లెం దగ్గరగా.]

ఈ లక్షణాలు చూడగానే ముందుగా అనుమానించేది స్ట్రాంగిల్స్ అనే గుర్రాల అంటురోగాన్ని. దానికి కారణం స్ట్రెప్టోకాకస్ ఈక్వి అనే బాక్టీరియా. గొర్రె రక్తం కలిపిన అగర్ మీద నమూనాను గీసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఉంచుతాం. అగర్ అంటే బాక్టీరియాను పెంచే జెల్లీ, అన్నట్టు అది సముద్రపు నాచు నుంచి తీసేదే. మర్నాటికి తేనెబొట్లలాంటి జిగురు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క చుట్టూ రక్తకణాలు కరిగిపోయి పళ్లెం తేటగా మారుతుంది. బాక్టీరియాను గుర్తించే గ్రామ్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఊదారంగు పూసల దండలు!

అయినా ఇక్కడ ఆగిపోతే పొరపాటే. దీనికి దగ్గరి చుట్టం జూఎపిడెమికస్ కూడా పళ్లెం మీద దాదాపు ఇలాగే ఉంటుంది, పైగా అది ఆరోగ్యంగా ఉన్న గుర్రాల గొంతులోనూ కాపురముంటుంది. రెండింటినీ విడదీసేది చక్కెర పరీక్ష. లాక్టోజ్, సార్బిటాల్, ట్రెహలోజ్ ఉన్న గొట్టాల్లో వీటిని పెంచుతాం. ఈక్వి సాధారణంగా మూడింటినీ ముట్టదు. జూఎపిడెమికస్ మొదటి రెండింటినీ పులియబెట్టి ఆమ్లంగా మారుస్తుంది, గొట్టం రంగు మారుతుంది. నాకు ఈ పని మొత్తంలో అందమైన ఘట్టం ఇదే. శాలలోని గుర్రాలన్నిటినీ కట్టడి చేయాలా వద్దా అన్నది ఆ రంగే చెబుతుంది.

బాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష అయితే కొన్ని గంటల్లోనే తేలుస్తుంది. కానీ చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏను కూడా అది పట్టుకుంటుంది. కోలుకున్న గుర్రం గొంతు వెనుక గాలి సంచుల్లో ఈక్వి నెలల తరబడి దాగి ఉండగలదు. అందుకే ఆ సంచులను కడిగిన నీటిని కూడా పరీక్షిస్తాం.

[దృశ్యం: చేతి తొడుగులు, మాస్కు వేసుకున్న పశువైద్యురాలు.]

ముక్కులో పుండ్లు, చర్మం మీద వరుసగా బొడిపెలు కనిపిస్తే మాత్రం చీమును ముట్టుకోకండి. అది గ్లాండర్స్ అనే మరో రోగం కావచ్చు. దానికి కారణమైన బర్ఖోల్డేరియా మాలై అనే బాక్టీరియా మనుషులకూ సోకి ప్రాణం తీయగలదు. దీన్ని మామూలు ప్రయోగశాలలో పెంచకూడదు. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయాలి. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. రక్తరసం పరీక్షలకు హరియాణాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది.

[దృశ్యం: గుర్రపు శాల. విడిగా కట్టిన గుర్రం, దాని పక్కన దాని బకెట్.]

ఫలితం వచ్చేలోగా జబ్బు గుర్రాన్ని వేరుగా కట్టండి, నీళ్ల బకెట్, బ్రష్ దానికి విడిగా పెట్టండి. మిగతా గుర్రాలకు రోజుకు రెండుసార్లు జ్వరం చూడండి. 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆ గుర్రాన్నీ ఆ రోజే పక్కకు తప్పించండి. స్ట్రాంగిల్స్‌లో జ్వరం మొదలైన ఒకటి రెండు రోజులకు గానీ ముక్కు నుంచి బాక్టీరియా బయటకు రాదు. మీకు ఉన్న వ్యవధి అంతే.