వెబ్‌పేజీ పాఠాన్ని బ్రౌజర్‌లోనే మొదలుపెడదాం

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

వెబ్‌పేజీల తయారీ నేర్పేటప్పుడు మనలో చాలామందిమి ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి, పేజీ భాగాలను గుర్తించే కోడు మాటలైన ట్యాగులన్నీ వరుసగా రాయించి, గంట గడిచాక తెల్లని తెర మీద ఒక్క వాక్యం చూపిస్తాం. అంతకంటే, విద్యార్థికి పరిచయమున్న పేజీనే తెరిచి, దాని అమరికను అతని చేతే మార్పించడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1990లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ రాసిన తొలి బ్రౌజర్‌లో పేజీని చదవడానికీ దిద్దడానికీ కూడా వీలుండేది. ఆ తర్వాత బాగా వ్యాపించిన బ్రౌజర్లు చదవడానికే పరిమితమయ్యాయి. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు అనుబంధంగా వచ్చిన ఫైర్‌బగ్ పేజీ లోపలి భాగాలను మళ్లీ అందరి చేతికీ అందించింది. ఇప్పుడు అలాంటి పరికరాలు కంప్యూటర్లలోని ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ముందే అమర్చి ఉంటున్నాయి.

తెలుగు వికీపీడియాలో ఏదైనా ఒక వ్యాసం తెరిపించండి. శీర్షిక మీద కుడి క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ ఎంచుకుంటే, ఆ శీర్షికకు సంబంధించిన కోడు పక్కనే కనిపిస్తుంది. అక్కడి మాట మీద రెండుసార్లు నొక్కి విద్యార్థి తన పేరు రాసుకోవచ్చు. రంగులు మార్చడం వాళ్లే కనిపెడతారు, దానికి మన సమయం అక్కరలేదు. పంక్తుల మధ్య ఎడాన్ని నిర్ణయించే లైన్ హైట్ దగ్గర మాత్రం తప్పక ఆగాలి. ఒక పేరాకు ఆ విలువను 1కి, అప్పటికీ తేడా తెలియకపోతే 0.8కి తగ్గిస్తే, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటల ఒత్తులు కింది పంక్తిలోని గుడులతో కలిసిపోతాయి. మళ్లీ 1.8కి పెంచగానే చదవడం సులువవుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన ఎడం తెలుగుకు ఎందుకు చాలదో విద్యార్థికి కళ్లారా తెలుస్తుంది.

ఇక పేజీని రీలోడ్ చేయించండి. మార్పులన్నీ పోతాయి. పాఠానికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడి వివరణ ఇవ్వకుండా, ఎందుకు పోయాయో వాళ్లనే ఆలోచించనివ్వాలి. రీలోడ్‌కు ముందే కంట్రోల్, యు మీటలు కలిపి నొక్కించి, సర్వర్ (పేజీని దాచి ఉంచి మనకు పంపే కంప్యూటర్) పంపిన మూల కోడులో పాత శీర్షిక అలాగే ఉండటం చూపించి ఉంటే, తాము దిద్దినది తమ బ్రౌజర్‌లోని ప్రతిని మాత్రమేనని చాలామంది తామే చెప్పగలుగుతారు. వికీపీడియాను ఎంచుకోమనడానికి కారణం కూడా ఇదే: అదే వ్యాసాన్ని సవరణ మీట ద్వారా మార్చి ప్రచురిస్తే, ఆ మార్పు సర్వర్‌కు చేరి, వ్యాస చరిత్రలో నమోదై, పాఠకులందరికీ కనిపిస్తుంది. ఒకే పేజీ మీద ఈ రెండు రకాల దిద్దుబాట్లనూ పోల్చి చూసిన విద్యార్థికి సర్వర్, బ్రౌజర్ అనే మాటలకు నిర్వచనాలు వల్లె వేయాల్సిన అవసరం రాదు.

ఈ విద్య చేతికొచ్చాక పరీక్షా ఫలితాల పేజీలో మార్కులు మార్చి చూడాలన్న కోరిక పిల్లలకు కలగడం సహజం. దాన్ని కసిరి ఆపేకన్నా, తరగతిలోనే మనం తయారుచేసిన నమూనా పేజీలో మార్పించి, స్క్రీన్‌షాట్‌ను రుజువుగా ఎందుకు తీసుకోకూడదో చర్చించడం మంచిది. డబ్బు పంపినట్లు చూపే నకిలీ చిత్రాల మోసం అప్పుడు వాళ్లకు సులభంగా అర్థమవుతుంది. ఈ పరికరాల్లోనే కోడు రాసి వెంటనే నడిపే చోటైన కన్సోల్ విషయంలో మాత్రం మొదటి రోజే కచ్చితంగా ఉండాలి. అపరిచితులు పంపిన కోడును అక్కడ అతికిస్తే, అది ఆ పేజీలో లాగిన్ అయి ఉన్న విద్యార్థి అధికారంతోనే నడుస్తుంది. అందువల్ల తాము చదివి అర్థం చేసుకోలేని ఒక్క పంక్తినైనా అందులో వేయకూడదన్న నియమాన్ని పాఠంతో పాటే చెప్పాలి.