తాకట్టు పెట్టని మనసు

శ్రోతలకు నమస్కారం. గ్వాటెమాలాలో పుట్టి, అమెరికాలో ఇరవై ఏళ్లకు పైగా ఉండి, అక్కడి కూలిజనం కోసం ఊరూరా తిరిగిన లూయిసా మొరేనో గురించి ఈరోజు చెబుతాను.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. 1907లో గ్వాటెమాలా నగరంలో, బాగా కలిగినవాళ్ల ఇంట్లో పుట్టిన ఆమె అసలు పేరు బ్లాంకా రోసా. తెల్ల గులాబీ అని అర్థం. ఆ దేశంలో ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు మూసి ఉన్న రోజుల్లో, చిన్న వయసులోనే తోటి అమ్మాయిలను కూడగట్టి చదువు హక్కు అడిగారామె. తర్వాత ఇల్లు వదిలి మెక్సికో వెళ్లారు. అక్కడ కవిత్వం రాశారు. 1928లో న్యూయార్క్ చేరారు. చంటిబిడ్డ తల్లిగా కుట్టుమిషన్ ముందు కూర్చున్నారు. పక్క మిషన్ల దగ్గర తనలాగే స్పానిష్ మాట్లాడే ఆడవాళ్లు. సంఘం పెట్టే పని వాళ్లతోనే మొదలైంది.

1935లో ఫ్లోరిడా వెళ్లారు. అక్కడ చుట్టలు చుట్టే కార్మికుల్లో నల్లవాళ్లున్నారు, స్పానిష్ మాట్లాడేవాళ్లున్నారు. తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు మరో బడి ఉన్న కాలం అది. అలాంటి చోట అందరినీ ఒకచోట చేర్చి, 13,000 మందికి వర్తించే ఒప్పందం సాధించారు. పేరు మార్చుకున్నది కూడా అక్కడే. మొరేనో అంటే నల్లని రంగు. తెల్ల గులాబీ అన్న పేరు వదిలేసి నలుపును ఇంటిపేరు చేసుకోవడం! ఆమె గురించి చదువుతుంటే నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఇక్కడే.

1938లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో పీకన్ గింజలు ఒలిచే కూలీల సమ్మెలో పనిచేశారు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో స్పానిష్ మాట్లాడే ప్రజలందరి తరఫున ఒక పెద్ద మహాసభ జరిగేలా చూశారు. ఇళ్లు, బళ్లు, ఉద్యోగాలు, వలస వచ్చినవాళ్ల హక్కులు, అన్నీ అక్కడ చర్చకు వచ్చాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో మాట్లాడుతూ, ఈ నేలకు తమ వయసునీ చెమటనీ ధారపోసినవాళ్లు పరాయివాళ్లు ఎలా అవుతారని నిలదీశారు. కాలిఫోర్నియాలో పండ్లు, కూరగాయలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లను కూడగట్టారు. ఒక ఫ్యాక్టరీలో అయితే, పనికి వచ్చే తల్లుల పిల్లల కోసం యాజమాన్యం అక్కడే శిశుసంరక్షణ కేంద్రం పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అదెంత పెద్ద విజయమో బిడ్డను ఇంట్లో వదిలి డ్యూటీకి వెళ్లే తల్లికి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత ప్రభుత్వం ఆమె మీద కన్నేసింది. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారన్నది కారణం. దేశం నుంచి పంపేస్తామన్నారు. ఓడరేవు కార్మికుల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెబితే మాత్రం పౌరసత్వం ఇస్తామన్నారు. ఆయన కూడా ఆస్ట్రేలియా నుంచి వలస వచ్చిన మనిషే. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లల్లో ఈ కాగితాల టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు కదా. ఆ కాగితం ఆమె చేతికి అందేంత దగ్గరకు వచ్చింది. ఆత్మను తాకట్టు పెట్టి స్వేచ్ఛగా బతకడం తనవల్ల కాదన్నారామె. సాక్ష్యం చెప్పలేదు.

1950 నవంబర్ 30న భర్తతో కలిసి అమెరికా వదిలి మెక్సికో వెళ్లిపోయారు. నన్ను పంపించగలరేమో గానీ, నేను ఎవరితో కలిసి పనిచేశానో ఆ జనాన్ని పంపించలేరని అన్నారు. 1992లో, పుట్టిన గ్వాటెమాలాలోనే కన్నుమూశారు.