కణజీవశాస్త్ర ల్యాబ్ ఎదుగుదల: కల్చర్ గది నుంచి చూద్దాం

నమస్కారం. విశ్వవిద్యాలయంలో కణజీవశాస్త్ర ల్యాబ్ చూపించమని అడిగితే ఎవరైనా తిన్నగా మైక్రోస్కోప్ గదికే తీసుకెళ్తారు. చీకటి గది, పెద్ద తెర, దాని మీద ఆకుపచ్చగా, ఎర్రగా మెరిసే కణాలు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఒక ల్యాబ్ ఎలా ఎదిగిందో, ఇంకో పదేళ్లు నిలబడుతుందో లేదో తెలియాలంటే నేనైతే ముందు కణాలు పెంచే కల్చర్ గదిలోకి వెళ్తాను, అక్కడి నుంచి వాటిని గడ్డకట్టించి దాచే ద్రవ నత్రజని ట్యాంకు దగ్గరికి వెళ్తాను. ఎందుకో చెప్తాను.

ముందు డబ్బు సంగతి. కొత్తగా చేరిన అధ్యాపకుడికి విశ్వవిద్యాలయం ఒక ఖాళీ గది, మొదట్లో కొంత నిధి ఇస్తుంది. ఆ నిధి మళ్లీ మళ్లీ రాదు. దాన్నంతా పెద్ద మైక్రోస్కోప్ మీద పెట్టేయాలని మనసు లాగుతుంది. నా అభిప్రాయంలో అది తొందరపాటు. కన్‌ఫోకల్ లాంటి ఖరీదైన మైక్రోస్కోప్ శాఖ మొత్తానికీ ఒకటుంటే గంటల లెక్కన బుక్ చేసుకుని వాడుకోవచ్చు. సొంతానికి కొంటే ఏటేటా మెయింటెనెన్స్ ఖర్చు కూడా నెత్తిన పడుతుంది. కణాల ప్లేట్లను వెచ్చగా ఉంచి పెంచే పెట్టె, ఇంక్యుబేటర్ సంగతి వేరు. దాన్ని పక్క ల్యాబ్‌తో పంచుకున్నారంటే వాళ్ల ప్లేట్లకు పట్టిన ఫంగస్ రేపు మీ ప్లేట్లకూ పడుతుంది.

మంచి కణాలు చేతిలో ఉంటే మామూలు మైక్రోస్కోప్‌తో ఎంత దూరం వెళ్లొచ్చో జపాన్ కణజీవశాస్త్రవేత్త యోషినోరి ఒసుమి చూపించారు. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో సొంతంగా ఒక చిన్న ల్యాబ్ మొదలుపెట్టేనాటికి ఆయనకు 43 ఏళ్లు. ఈస్ట్ కణంలో రిక్తిక అనే పెద్ద సంచి ఉంటుంది, సాధారణ లైట్ మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తుంది. అది కణం చెత్త పారేసుకునే చోటనుకుని అప్పట్లో చాలామంది దాని జోలికి పోలేదు. ఒసుమి దాన్నే పట్టుకున్నారు. రిక్తికలో ప్రోటీన్లను అరిగించే ఎంజైములు పనిచేయని ఈస్ట్ రకాన్ని తీసుకుని, నత్రజని అందకుండా పస్తు పెట్టారు. లోపలికి వచ్చిన సరుకు అరగదు కాబట్టి అక్కడే పోగుపడాలి. కొన్ని గంటల్లోనే రిక్తిక నిండా గుండ్రటి బుడగల్లాంటివి అటూ ఇటూ కదులుతూ కనిపించాయి! కణం తన సొంత భాగాలనే చుట్టచుట్టి లోపలికి పంపి అరిగించుకోవడాన్ని ఆటోఫేజీ అంటారు. ఈస్ట్‌లో అది కళ్లెదుటే జరుగుతోంది. 1993కల్లా దానికి అవసరమైన 15 జన్యువుల జాడ ఆ ల్యాబ్ పట్టుకుంది. 2016లో నోబెల్ వచ్చింది. ఆ ఎంజైములు లేని ఈస్ట్ గనక చేతిలో లేకపోతే, బుడగలు వచ్చినవి వచ్చినట్టే కరిగిపోయేవి. ఎంత ఖరీదైన మైక్రోస్కోప్ పెట్టినా చూడ్డానికి ఏముంటుంది?

అందుకే అంటున్నాను, ల్యాబ్‌కు అసలు ఆస్తి కణాలే. వాటిని కాపాడుకోవడమే కష్టం.

జంతు కణాలు పెంచే పోషక ద్రవంలో, అంటే మీడియంలో, ఫినాల్ రెడ్ అనే రంగు కలుపుతారు. అంతా సవ్యంగా ఉంటే మీడియం ఎర్రగా ఉంటుంది, ఆమ్లత పెరిగితే పసుపుకు తిరుగుతుంది. బ్యాక్టీరియా పడితే తెల్లారేసరికి పసుపుగా, మడ్డిగా తయారవుతుంది. కంటికి తెలిసిపోతుంది, పారేస్తాం, గొడవ వదిలిపోతుంది. మైకోప్లాస్మా అనే మరీ చిన్న బ్యాక్టీరియాతో అలా కుదరదు. దానికి కణకవచమే లేదు, కాబట్టి ఆ కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్‌కు లొంగదు. మీడియం మడ్డిగా మారదు. కణాలు మామూలుగానే పెరుగుతున్నట్టు కనిపిస్తాయి. లోపల మాత్రం జన్యువుల పనితీరు, పోషకాల వాడకం మారిపోతాయి. ప్రయోగాలు నడుస్తాయి, గ్రాఫులు వస్తాయి, వాటిని నమ్మడానికి మాత్రం ఉండదు. డీఎన్ఏకు అంటుకునే రంగు వేసి చూస్తే బయటపడుతుంది: శుభ్రమైన కణంలో కేంద్రకం ఒక్కటే నీలంగా వెలుగుతుంది, మైకోప్లాస్మా ఉంటే కేంద్రకం చుట్టూ పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. దాని డీఎన్ఏను వెతికి పట్టే పీసీఆర్ పరీక్షతోనైతే ఒక పూటలో తేలిపోతుంది. ఇంత చిన్న పరీక్షను నెలల తరబడి వాయిదా వేసే ల్యాబ్‌లను తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే నష్టపోయేది ఆ కణాల మీద థీసిస్ రాసుకునే విద్యార్థి.

ఇంకో ప్రమాదం, ఒక కణం పేరుతో ఇంకో కణం చలామణి కావడం. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే రోగి కణితి నుంచి, ఆమె అనుమతి లేకుండానే తీసిన హీలా కణాలు ప్రపంచమంతా పాకాయి. అవి ఎంత జోరుగా పెరుగుతాయంటే, పొరపాటున ఒక చుక్క పక్క ప్లేటులో పడ్డా కొన్నాళ్లకు అక్కడ అవే మిగులుతాయి. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రవేత్త, వేర్వేరు మనుషులవని పేరుపెట్టిన 18 కణరకాల్లోనూ హీలాలో ఉండే ఎంజైము రూపమే ఉందని బయటపెట్టారు. వాటి మీద ఏళ్లపాటు పనిచేసినవాళ్ల సంగతి ఊహించుకోండి. ఇప్పుడు ఎస్‌టీఆర్ అనే డీఎన్ఏ పరీక్షతో కణం ఎవరిదో సరిచూసుకోవచ్చు.

ఇక ట్యాంకు. గడ్డకట్టేటప్పుడు కణాలు మంచు స్ఫటికాలతో దెబ్బతినకుండా కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవాన్ని పదో వంతు కలిపి, నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, చివరికి ద్రవ నత్రజనిలో దాస్తారు. అక్కడ మైనస్ 196 డిగ్రీలు. తొలినాళ్ల కణాలను ముట్టుకోకుండా అసలు నిల్వగా ఉంచి, వాటి నుంచి తీసినవాటినే రోజువారీ పనికి వాడితే ఎప్పుడైనా మొదటికి తిరిగి రావచ్చు.

ఇదంతా మనుషుల దగ్గర తేలిపోతుంది. పీహెచ్‌డీ విద్యార్థులు ఐదారేళ్లకు వెళ్లిపోతారు. ట్యాంకులో పెట్టె తీసి చూస్తే మార్కర్‌తో రాసిన రెండు పొడి అక్షరాలు, సగం చెరిగిన తేదీ. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, పారేయడానికి ధైర్యం చాలదు. వెళ్లేవాళ్లు ల్యాబ్ నోట్‌బుక్ అప్పగించి, వచ్చేవాళ్ల పక్కన కూర్చుని ఒకసారి కణాలు కరిగించి, పెంచి, మళ్లీ దాచి చూపించాకే సెలవు తీసుకోవాలని గైడ్ పట్టుబట్టాలి.

మీరు పీహెచ్‌డీకి ల్యాబ్ వెతుక్కుంటుంటే, మైక్రోస్కోప్ ఏ కంపెనీదని అడగడం తర్వాత. ట్యాంకులో ఏముందో జాబితా ఉందా, మైకోప్లాస్మా పరీక్ష చివరిగా ఎప్పుడు చేశారు అని అడగండి. గైడ్‌నే కాదు, అక్కడి విద్యార్థుల్నీ విడిగా అడగండి. రెండు చోట్లా ఒకే తేదీ చెప్తే, ఆ ల్యాబ్‌లో చేరడం గురించి గట్టిగా ఆలోచించవచ్చు.