సూక్ష్మజీవికి ఏం మేత వేశారు? – హలాల్ ఆహారం, బయోటెక్నాలజీపై ఫోన్-ఇన్

యాంకర్: అస్సలాము అలైకుం. ట్యాంకుల్లో, ప్రయోగశాలల్లో తయారయ్యే ఆహారంపై మీ సందేహాలకు ముఫ్తీ గారు, ఆహార సాంకేతిక నిపుణురాలు మేడమ్ జవాబిస్తారు. మొదటి కాల్... హలో, చెప్పండి.

కాలర్: వ అలైకుం అస్సలాం. మేడమ్, నేను ఇంట్లో పిజ్జాలు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంటాను. ఒక చీజ్ ప్యాకెట్ మీద "మైక్రోబియల్ ఎంజైమ్" అని ఉంది, ఇంకోదాని మీద ఉత్త "ఎంజైమ్స్" అని ఉంది. రెండోది వాడొచ్చా?

నిపుణురాలు: ఉత్త "ఎంజైమ్స్" అని ఉంటే ఏమీ తేలదమ్మా. పాలను గడ్డకట్టించడానికి పూర్వం నుంచీ వాడేది రెనెట్. పాలు తాగే లేగదూడ నాలుగో పొట్ట లోంచి తీస్తారు. అందులో అసలు పని చేసేది కైమోసిన్. ఆ కైమోసిన్‌ను సూక్ష్మజీవుల చేత తయారు చేయించడానికి 1990లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దూడ జన్యువు ప్రతిని ఈస్ట్‌లోనో, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజులోనో పెట్టి, ట్యాంకుల్లో పెంచి, సూక్ష్మజీవిని వడగట్టేసి ఎంజైమ్‌ను మాత్రం తీసుకుంటారు. రైజోమ్యూకర్ అనే బూజు సొంతంగా చేసే ఎంజైమ్ వేరే ఉంది, దానికి దూడతో సంబంధమే లేదు. ప్యాకెట్ మీద "మైక్రోబియల్" అన్న మాట ఈ రెండింటికీ వాడుతుంటారు.

ముఫ్తీ: ఆవు హలాల్ జంతువే కాబట్టి దాని జన్యువు ప్రతి గురించి ఎక్కువమంది ఉలమాలకు, అంటే మత పండితులకు, అభ్యంతరం లేదు. పంది జన్యువైతే మాట వేరు. హలాల్ కాని జంతువు జన్యుపదార్థంతో చేసింది హలాల్ కాదని మలేషియా ప్రమాణం ఎంఎస్ 1500 చెబుతుంది. దూడ పొట్ట నుంచి నేరుగా తీసిన రెనెట్ అయితే జబహ్, అంటే ఇస్లామీ పద్ధతిలో కోత, జరిగిందా అన్నది చూడాలి. జబహ్ కాని దూడ రెనెట్ కూడా పాక్, అంటే శుద్ధమే, అని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. షాఫియీ మజ్‌హబ్‌లో, అంటే ఆ న్యాయ సంప్రదాయంలో, అది నజిస్, అశుద్ధం.

నిపుణురాలు: రెనెట్ గురించి అడిగి, కొవ్వును విడగొట్టే ఎంజైమ్ లైపేజ్‌ను వదిలేస్తారు చాలామంది. కొన్ని గట్టి చీజులకు ఆ ఘాటు రావడానికి లైపేజ్ కలుపుతారు. అది దూడ, మేకపిల్ల, గొర్రెపిల్ల నాలుక మొదట్లో ఉండే గ్రంథుల నుంచి రావచ్చు. కంపెనీకి మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి: గడ్డకట్టించే ఎంజైమ్ ఎక్కడిది, లైపేజ్ ఉందా, ఉంటే ఎక్కడిది, సూక్ష్మజీవికి వేసిన మేత ఏమిటి.

యాంకర్: మేత కూడానా మేడమ్?

నిపుణురాలు: అసలు చిక్కంతా అక్కడే. 2001లో ఇండోనేషియాలో అజినొమోటో అనే రుచి ఉప్పు వ్యవహారం దీని మీదే నడిచింది. ఆ ఉప్పు తయారుచేసే బ్యాక్టీరియాను పెంచడానికి సోయా మాంసకృత్తుల మేత వేశారు. ఆ సోయాను జీర్ణమయ్యేలా విడగొట్టడానికి వాడిన ఎంజైమ్ పందిది. చివరి పొడిలో పంది తాలూకు ఏదీ లేదు.

ముఫ్తీ: అయినా అక్కడి ఉలమా మండలి హరామ్ అంది. తయారీలో ఎక్కడ వాడినా వాడినట్టే అని వారి వాదన. చివరి సరుకులో లేదు కాబట్టి హలాల్ అని అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ అన్నారు. కంపెనీ సరుకు వెనక్కి తీసుకుంది. నా మట్టుకు నేను మండలి మాటే పాటించమంటాను. మొక్కల నుంచి వచ్చే మేత దొరుకుతున్నప్పుడు పంది ఎంజైమ్‌తో పనేముంది?

యాంకర్: తర్వాతి కాల్.

కాలర్: ముఫ్తీ గారూ, విటమిన్ గొట్టాల్లో... అదే, క్యాప్సూల్స్‌లో పంది జెలటిన్ ఉన్నా, అది పూర్తిగా మారిపోయింది కాబట్టి పర్వాలేదని ఒకరన్నారు. నిజమేనా?

ముఫ్తీ: దాన్ని ఇస్తిహాలా అంటారు బాబూ. సారా పులిసి సిర్కా, అంటే వెనిగర్, అయితే అది హలాల్, ఎందుకంటే వస్తువే మారిపోయింది. జెలటిన్ కూడా అలాంటిదేనని 1995లో కువైట్‌లో జరిగిన వైద్య సదస్సు చెప్పింది. అంతకుముందే 1986లో అమ్మాన్‌లో ఇస్లామీ ధర్మశాస్త్రం చర్చించే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, పంది నుంచి తీసిన జెలటిన్ ఆహారంలో వాడరాదని తీర్మానించింది.

నిపుణురాలు: ల్యాబ్‌లో కనిపించేది చెబుతాను. సారా సిర్కా అయినప్పుడు ఆల్కహాల్ అణువు ఎసిటిక్ ఆమ్లం అవుతుంది, అంటే అణువే వేరు. జెలటిన్‌లో అలా కాదు. చర్మాన్ని ఆమ్లంలో నానబెట్టి వేడినీళ్లలో కాస్తే కొల్లాజెన్ అనే చర్మపు ప్రోటీన్ అల్లిక విడిపోతుంది, ముక్కలవుతుంది. కానీ ఆ ముక్కల్లో అమైనో ఆమ్లాల వరుస అలాగే ఉంటుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితే ఇది పందిది, ఇది ఆవుది అని చెప్పేయొచ్చు. అంత గుర్తు మిగిలిన వస్తువును మారిపోయిందనడం నాకు కష్టం. ఇంకో మాట: డీఎన్‌ఏ పరీక్షలో "పంది లేదు" అని వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఆమ్లానికి, వేడికి డీఎన్‌ఏ చితికిపోయి ఉంటుంది. జెలటిన్‌కు పెప్టైడ్, అంటే ఆ ప్రోటీన్ ముక్కల, పరీక్షే నమ్మదగింది. విటమిన్లకైతే హెచ్‌పీఎంసీ అని రాసిన క్యాప్సూల్ చూసుకోండి, అది మొక్కల సెల్యులోజ్.

కాలర్: డాక్టర్ రాసిన మందైతే?

ముఫ్తీ: మందు మాత్రం మానకండి. వేరే రూపంలో దొరుకుతుందా అని డాక్టర్‌ను అడగండి. దొరక్కపోతే, అవసరం ఉన్నప్పుడు షరియత్ వెసులుబాటు ఇస్తుంది.

యాంకర్: ఇంకో కాల్. హలో అక్కా.

కాలర్: జంతువును కోయకుండా కణాల నుంచి పెంచే మాంసం వస్తోందట కదా. కోయనప్పుడు జబహ్ ఎలా?

నిపుణురాలు: 2013లో లండన్‌లో మొదటి బర్గర్ చూపించారు, 2020 డిసెంబరులో సింగపూర్ అమ్మకానికి అనుమతిచ్చింది. కండలోంచి చిటికెడు ముక్క తీసి, కణాలు వేరుచేసి, 37 డిగ్రీల దగ్గర పోషక ద్రవంలో పెంచుతారు. ఆ ద్రవంలో చాలాకాలం పదో వంతు దాకా దూడపిండం సీరం పోసేవారు. చూడి ఆవును కోసినప్పుడు కడుపులోని పిండం రక్తం నుంచి తీసేది అది.

ముఫ్తీ: ఇక్కడ రెండు అడ్డంకులు. బతికున్న జంతువు నుంచి కోసిన ముక్క చచ్చిన దానితో సమానమని హదీసు, అంటే ప్రవక్త మాట. కారే రక్తం హరామని ఖురాన్ 6:145. అందుకే కణాలు జబహ్ చేసిన హలాల్ జంతువువి కావాలి, పోషక ద్రవంలో రక్తం ఉండకూడదు. సింగపూర్ ఇస్లామీ మండలి 2024 ఫిబ్రవరి ఫత్వాలో హలాల్ కావచ్చని అన్నది కూడా షరతులతోనే: కణాలు హలాల్ జంతువువి కావాలి, చివరి సరుకులో హలాల్ కానిది ఏదీ ఉండకూడదు.

నిపుణురాలు: "సీరం రహితం" అని రాసి ఉన్నా ఒకటి అడగాలక్కా. కణాలు అతుక్కుని పెరిగే ఆధారం దేనిది? అది జెలటిన్ అయితే మళ్లీ ఇందాకటి ప్రశ్నకే వస్తాం. కణాలను గిన్నె నుంచి ఊడదీసే ట్రిప్సిన్ కూడా చాలాసార్లు పంది క్లోమానిదే. మొక్కజొన్నలోనో సూక్ష్మజీవుల్లోనో తయారైన ట్రిప్సిన్ దొరుకుతుంది, అదే వాడారా అని కనుక్కోండి.

యాంకర్: చివరి కాల్, క్లుప్తంగా.

కాలర్: బిస్కెట్ల మీద ఈ-471 అని ఉంటుంది మేడమ్...

నిపుణురాలు: అది కొవ్వు నుంచి చేసే పదార్థం. నంబరు ఒక్కటే, కొవ్వు మాత్రం పామాయిల్‌దీ కావచ్చు, జంతువుదీ కావచ్చు. "వెజిటబుల్" అని పక్కన లేకపోతే మష్‌బూహ్, అంటే అనుమానాస్పదం, కిందే లెక్క. హలాల్ సర్టిఫికెట్ తెప్పించుకుంటే అందులో ఆ ఫ్యాక్టరీ చిరునామా, సరుకు కోడ్, గడువు తేదీ చూడండి. ఒకే బిస్కెట్‌ను రెండు ఫ్యాక్టరీల్లో చేస్తారు, సర్టిఫికెట్ ఒక్కదానికే ఉండొచ్చు.