అంచు దగ్గర రెండు రంగులు

నమస్కారం. ఈ వారం వీడియో మా గ్యారేజీలో మొదలై, మధ్యలో ఒక్క రోజు బయటికి వెళ్లి, తిరిగి గ్యారేజీలోనే ముగుస్తుంది. నా వెనక గోడకు ముఖం తిప్పి నిలబెట్టిన కాన్వాస్ నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు ఉంటుంది. మూడు వారాల క్రితం దానిని అలా తిప్పిపెట్టాను. కోపం వచ్చి చేసిన పని కాదు. రోజూ ఎదురుగా ఉంటే కన్ను అలవాటుపడి తప్పులతో కూడా చుట్టరికం కలుపుకొంటుంది కాబట్టి, కొంతకాలం చూడకుండా ఉండడం కూడా నా పనిలో భాగమే.

ఈ చిత్రం మా అన్నయ్యకూ నాకూ మధ్య ఉన్నదాని గురించినది. అన్నయ్య గురించి అనలేదు, గమనించండి. నేను అమెరికా వచ్చిన కొత్తలో రోజూ మాట్లాడుకునేవాళ్లం; అది వారానికొకసారి అయింది, తరువాత నెలకొకసారి అయింది. నాకు రాత్రి పొద్దుపోయేసరికి అక్కడ తెల్లవారుతుంది. ఒకరు నిద్రకు ఒరుగుతూ, ఇంకొకరు పనికి బయలుదేరుతూ ఆడుకునే మాటలలో తగవూ ఉండదు, చనువూ ఉండదు. దీనిని బొమ్మగా వేయాలంటే ఏమి వేయాలి? రెండు ముఖాలు వేస్తే చూసేవారు పోలికలు వెతుకుతారు. చెవి దగ్గర ఫోను వేస్తే కథ చెప్పినట్టవుతుంది. నాకు కావలసినది ‘ఇంకేమిటి’ అన్న మాటకూ ‘ఏమీ లేదు’ అన్న జవాబుకూ నడుమ పడే ఆ కాస్త ఖాళీ. దానికి రూపం లేదు, కాబట్టే నైరూప్య చిత్రం.

అలాగని మొదటి నెలలో నేను వేసినది నైరూప్యమేమీ కాదు. ఎడమవైపు ముదురు నీలం, కుడివైపు పసుపుమట్టి రంగు, నడుమ తెల్లటి సందు. చూసిన మిత్రులందరూ ఇందులో మీరెవరు, ఆయనెవరు అని అడిగారు. నేను వేలు పెట్టి చూపించగలిగాను కూడా. అలా చూపించగలిగినంతకాలం అది ముసుగు వేసుకున్న రూపచిత్రమే. ఆ సంగతి నాకు తెలియడానికి నెల పట్టింది.

దారి చూపించినది ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. పారిస్‌లోని గొబెలాఁ వస్త్ర కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న మిషెల్ షెవ్రూల్ దగ్గరికి, నల్లదారం తగినంత నల్లగా ఉండడం లేదన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమేమీ లేదు. ఆ దారాన్ని నీలం, ఊదా దారాల పక్కన నేయడం వల్ల కంటికి వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదానినొకటి ఎలా మార్చివేస్తాయో వివరిస్తూ ఆయన 1839లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించాడు. (ఆయన 102 ఏళ్లు బ్రతికాడు, ఫిర్యాదులను అంత ఓపికగా విన్నందుకేమో.) ఆ తరువాతి శతాబ్దంలో యోసెఫ్ ఆల్బర్స్ అనే చిత్రకారుడు 1950 నుంచి 1976లో మరణించేవరకు చతురస్రంలో చతురస్రం పెట్టి, ఆ ఒక్క అమరికలోనే వెయ్యికి పైగా చిత్రాలు వేశాడు. రంగును చాలావరకు ట్యూబులోనుంచి నేరుగా తీసి, కత్తితో పరిచి, ఏ రంగులు వాడాడో ఫలకం వెనక రాసిపెట్టేవాడు. ఆకారం మారదు, పొరుగు మాత్రమే మారుతుంది. ఒకే పని ఇన్నేళ్లు చేయడం మొండితనం కాదా అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఈ రెండు బూడిదరంగు ముక్కలను చూడండి. ఒకే కాగితం నుంచి కత్తిరించినవి. ఒకదానిని ఎర్రటి అట్టమీద, మరొకదానిని ఆకుపచ్చ అట్టమీద పెడుతున్నాను. ఎరుపు మీదిది కొంచెం ఆకుపచ్చబారింది, ఆకుపచ్చ మీదిదానికి కొంచెం ఎరుపు జీర వచ్చింది. కెమెరా తన తెలివి తాను ఉపయోగించి రంగులను సరిదిద్దేస్తోంది కాబట్టి మీకు ఇది అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు; కాగితాలతో ఇంట్లోనే చేసి చూడండి. మన భాషలో వరస అన్న మాటకు చుట్టరికమనీ క్రమమనీ రెండు అర్థాలున్నాయి. మనిషి ఒక్కరే అయినా పక్కన ఎవరు నిలబడితే దానిని బట్టి అన్న అవుతాడు, బావ అవుతాడు, మామ అవుతాడు. నా కాన్వాస్ మీద నీలం అన్నయ్యా కాదు, పసుపుమట్టి నేనూ కాదు. ఆ రెండూ తగిలేచోట ఒకటి రెండవదానిని ఏమి చేస్తోందన్నదే నేను వేయవలసినది.

అక్కడినుంచి పని చాలా నెమ్మదించింది. ఆఫీసు మొదలయ్యేలోపు తెల్లవారుజామున గంటన్నర దొరుకుతుంది. గ్యారేజీలో పది డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఆక్రిలిక్ రంగు సరిగా పొరకట్టదు, ఆరిన తరువాత పగుళ్లు వస్తాయి. కాబట్టి ముందు హీటరు వేసి, కాన్వాస్ వెచ్చబడేదాకా కూర్చుని చూస్తాను. నిజం చెప్పాలంటే నా చిత్రలేఖనంలో ఎక్కువ భాగం ఈ కూర్చుని చూడడమే. తరువాత నీళ్లలా పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. నచ్చనిచోట ఆరకముందే పాలెట్ నైఫ్‌తో గీకివేయడం. ఇప్పటికి పదకొండు పూతలయ్యాయి. నడుమ అంచు తిన్నగా రావాలని మాస్కింగ్ టేపు అంటించి వేశాను. టేపు తీసి చూస్తే అంచు అద్భుతంగా వచ్చింది, పొలానికి వేసిన సరిహద్దులాగా. ఆ రోజంతా మనసు బాగులేదు. మరునాడు దానినంతా ఇసుకకాగితంతో రుద్దివేశాను.

అక్టోబరులో ఒక శనివారం న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలండ్‌లోని స్ప్రింగ్స్ అనే ఊరికి వెళ్లాను. నైరూప్య చిత్రకారులైన లీ క్రాస్నర్, జాక్సన్ పొలాక్ దంపతులు 1945లో వచ్చి స్థిరపడిన ఇల్లు అక్కడ ఉంది. ఈ జంట కథను చెప్పేవారు పొలాక్ తాగుడుతో మొదలుపెట్టి క్రాస్నర్ సహనంతో ముగిస్తారు. నాకు ఆ కథ కంటే ఆ ఇంటి గదులు ఎక్కువ చెప్పాయి. పెరటిలోని కొట్టంలో అతడు నేలమీద కాన్వాస్ పరిచి రంగు చిమ్మేవాడు, మేడమీది చిన్న పడకగదిలో ఆమె చిన్న చిత్రాలు వేసుకునేది. 1953లో ఆ కొట్టం నేలమీద పలకలు పరిచారు. 1956 ఆగస్టులో కారు ప్రమాదంలో అతడు మరణించాడు. మరుసటి ఏడాది ఆమె ఆ కొట్టంలోకి మారింది, కాన్వాసులను గోడకు బిగించి బొమ్మలు వేసింది. 1957లో వేసిన ఒక చిత్రం వెడల్పు దాదాపు పదిహేడు అడుగులు. 1984లో ఆమె కూడా మరణించిన తరువాతే పలకలు తొలగించగా, అడుగున అతడి రంగుల చారలు బయటపడ్డాయి. ఇన్నేళ్లూ ఆమె వాటి మీద నిలబడే పనిచేసిందన్నమాట. సందర్శకులు మెత్తటి చెప్పులు తొడుక్కుని ఆ నేలమీద నడవాలి. నేలమీద అతడివి, గోడలమీద ఆమెవి. నా చూపు మాత్రం గోడ వచ్చి నేలను తాకే చోటే ఎక్కువసేపు నిలిచింది. అక్కడ కెమెరా బయటికి తీయాలనిపించలేదు, మన్నించండి.

ఇక ఇప్పుడు తిప్పుతున్నాను. నీలం అలాగే ఉంది. పసుపుమట్టి రంగు చాలావరకు దాని అడుగుకు వెళ్లిపోయి, నేను గీకినచోట్ల మాత్రం పైకి కనిపిస్తోంది. అంచు ఇంచుమించు మధ్యలో ఉన్నా ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఎడమవైపు పైభాగంలో ఇంకా బరువెక్కువైంది, అక్కడ రేపు గీకాలి. మిగిలినదానికి మూడు వారాల తరువాత కూడా నా కన్ను ఒప్పుకొంది.

గోడకు తిప్పేముందు తీసిన దీని ఫోటో నిన్న రాత్రి అన్నయ్యకు పంపాను. ఎప్పటిలాగే కాసేపు ఏమీ లేదు. తరువాత తనే ఫోను చేశాడు. “ఇందులో నేనెక్కడ అని అడగనులే, అడిగితే నీకు నచ్చదు,” అన్నాడు. మళ్లీ ఆగి, “ఫోను తలకిందులు చేసి చూశాను. ఇలాగే బాగుంది, ఇలాగే ఉంచు,” అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, అందులో సగం ఏది పైన ఉండాలన్న వాదనే.

చిత్రం పూర్తయ్యాక ఏ వైపు పైకి రావాలో తెలియడానికి కాన్వాస్ వెనక పెన్సిలుతో ఒక బాణం గీయడం నా అలవాటు. దీనికి ఇంకా గీయలేదు.