కాప్రీ వెళ్తే ఒక రాత్రి ఉండండి

శ్రోతలకు నమస్కారం.

2024 జూన్ 22, శనివారం. ఇటలీలోని కాప్రీ దీవిలో పర్యాటకులు ఎవరూ దిగకూడదని అక్కడి మేయర్ ఉత్తర్వు ఇచ్చారు. సమ్మె కాదు, గొడవలూ కాదు. దీవిలో నీళ్లు లేవు, అంతే. కాప్రీకి మంచినీళ్లు సముద్రం అడుగున వేసిన పైపులో అవతలి ఒడ్డు నుంచి వస్తాయి. ఒడ్డున పైపులైను పాడైంది. ఊళ్లోవాళ్లకే చాలనప్పుడు పడవల్లో వచ్చే వేలమందికి నీళ్లు ఎక్కణ్నుంచి తేవాలి? అదే రోజు ఉత్తర్వు ఎత్తేశారు, అది వేరే సంగతి.

ఈ కబురు ముందుగా ఎందుకు చెప్పానంటే, కాప్రీ ఎంత చిన్న దీవో తెలియాలని. మొత్తం పది చదరపు కిలోమీటర్లు. కింద కాప్రీ, కొండ మీద అనాకాప్రీ, రెండే ఊళ్లు. రెండిటిలో కలిపి సుమారు 14 వేల జనం. మంచి సీజన్లో ఒక్క రోజులోనే దాదాపు అంతమంది పడవల్లో వచ్చి దిగుతారు. వాళ్లలో ఎక్కువమంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లే. కాబట్టి రేవులో, కొండెక్కే రైలు దగ్గర, బస్సు దగ్గర అందరూ ఒకే వేళకు ఒకే క్యూలో ఉంటారు. మీరు ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డ కాప్రీ ఆ వేళలో కనిపించదు. అందుకని నా సలహా ఒక్కటే. వెళ్తే ఒక రాత్రి అక్కడే ఉండండి. ఖర్చవుతుంది, కాదనను. కాప్రీ ఊళ్లో గదుల రేట్లు వింటే గుండె గుభేలుమంటుంది. అనాకాప్రీలో కాస్త నయం. రోమ్‌లో ఒక రాత్రి తగ్గించుకునైనా ఇక్కడ ఉండమంటాను.

ఇక ఏర్పాట్లు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా కావాలి, అంటే ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. పదిహేను రోజుల ముందు దాకా గడువుంటుంది గానీ, అంతవరకూ ఆగితే మిగిలేది టెన్షనే. 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. బ్రిటన్ వీసాతో ఇటలీలో అడుగు పెట్టనివ్వరు. అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే అనుకోవద్దు. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకు అక్కడ అప్లై చేయడం సాధారణంగా కుదరదు. ఇండియాలో ఉండగానే ఆ పని పూర్తి చేసుకోండి.

కాప్రీలో విమానాశ్రయం లేదు, నేపుల్స్ అనే రేవు నగరం నుంచి పడవలో వెళ్లాలి. రోమ్ నుంచి నేపుల్స్‌కు ఫాస్ట్ రైలులో గంటా పది నిమిషాలు. నేపుల్స్ రేవులో కొత్తవాళ్లకు ఒక తికమక ఉంది. హైడ్రోఫాయిల్ అనే వేగం పడవలు మొలో బెవెరెల్లో దగ్గర ఎక్కాలి. నెమ్మదిగా వెళ్లే పెద్ద ఫెర్రీలు కలాతా పోర్తా ది మస్సా అనే మరో రేవు నుంచి బయల్దేరతాయి. వేగం పడవకు యాభై నిమిషాలు, పెద్దదానికి గంటా ఇరవై. దగ్గర్లోని సొరెంటో అనే ఊరి నుంచైతే అరగంటలోపే. పడవ ఊగితే కడుపులో తిప్పేవాళ్లు పెద్ద ఫెర్రీ ఎక్కడమే మేలు. పెద్ద సూట్‌కేసులు నేపుల్స్‌లోనే భద్రపరిచి వెళ్లండి. కాప్రీ ఊరి నడిబొడ్డుకి కార్లు రావు, ఎక్కడ చూసినా ఎత్తులూ మెట్లే.

అందరూ అడిగేది నీలి గుహ గురించి. గ్రొట్టా అజ్జుర్రా అంటారు. 1826లో ఆగస్ట్ కోపిష్ అనే జర్మన్ యువకుడు ఒక స్థానిక జాలరి వెంట వచ్చి, లోపలికి ఈదుకుంటూ వెళ్లి చూశాడు. ఆ తర్వాతే దాని పేరు యూరప్ అంతా పాకింది. గుహ నోరు నీటి మీద మీటరు ఎత్తు ఉంటుందేమో, అంతే. మోటారు పడవ పట్టదు. గుహ ముందు చిన్న తెడ్ల పడవలోకి మారాలి. పడవ నడిపే మనిషి చెప్పగానే అందరూ వెల్లకిలా పడుకోవాలి. తల ఎత్తారా, రాయి తగులుతుంది. అతను అల దిగే అదను చూసి, రాతికి బిగించిన గొలుసు పట్టుకుని ఒక్క లాగు లాగుతాడు. లోపలికి వెళ్లగానే చీకటి. కాసేపటికి వెలుగు పైనుంచి కాదు, కిందినుంచి వస్తోందని తెలుస్తుంది. గుహ నోటి కింద నీళ్లలో మరో పెద్ద రంధ్రం ఉంది. ఎండ దాని గుండా నీళ్లలోంచి లోపలికి వస్తుంది. దారిలో ఎరుపును నీరు పీల్చేస్తుంది, నీలం మిగులుతుంది. చెయ్యి ముంచితే వెండి పూత పూసినట్టు కనిపిస్తుంది.

ఇదంతా ఐదు నిమిషాల ముచ్చట. దానికోసం ఎండలో గంటల తరబడి పడిగాపులు కాయాల్సి రావచ్చు. రేవు నుంచి వచ్చే పడవకు ఒక టికెట్, గుహలోకి వెళ్లడానికి ఇంకోటి, పైన టిప్ కోసం చూపులు. అనాకాప్రీ నుంచి బస్సులో వెళ్తే మొదటి టికెట్ మిగులుతుంది. సముద్రం కాస్త రేగినా గుహ మూసేస్తారు. అందుకే దీనికోసమే కాప్రీ వెళ్లడం నాకు నచ్చదు. కుదిరితే చూడండి, లేకపోతే ఏడుస్తూ కూర్చోవద్దు.

దానికన్నా విల్లా జోవిస్ అనే పాత రోమన్ రాజభవనం శిథిలాలకు వెళ్లమంటాను. రోమన్ చక్రవర్తి టైబీరియస్ క్రీ.శ. 27 నుంచి పదేళ్లపాటు రోమ్‌ను వదిలేసి ఈ దీవి నుంచే సామ్రాజ్యాన్ని ఏలాడు. ఊళ్లోంచి ముప్పావుగంట ఎక్కుడు. పైన మిగిలినవి మొండి గోడలే గానీ, నడిమధ్యలో వాన నీళ్లు పట్టి దాచుకున్న భారీ తొట్లు చూడండి. చక్రవర్తికైనా ఈ రాతి దీవిలో నీళ్ల బాధ తప్పలేదు. మన తెలుగు పాఠకులకు బాగా తెలిసిన రష్యన్ రచయిత గోర్కీ కూడా 1906 నుంచి 1913 దాకా ఇక్కడే ఉన్నాడు. లెనిన్ వచ్చి ఆయన్ను రెండుసార్లు చూసి వెళ్లాడు.

అనాకాప్రీలో చైర్‌లిఫ్ట్ ఎక్కితే 589 మీటర్ల మోంతె సొలారో శిఖరం చేరతారు. ఒక్కో కుర్చీలో ఒక్కరే. కుర్చీ ఆగదు, కదులుతుండగానే కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆలోచించుకోవాలి. రేవు నుంచి అనాకాప్రీకి పాత మెట్ల దారి కూడా ఉంది, 921 మెట్లు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లకు అదో లెక్క కాదు.

శాకాహారులకు కాప్రేజె సలాడ్ ఉంది, టమాటా, మొజరెల్లా చీజ్, తులసి జాతి ఆకు. చీజ్ కూరిన రవియోలీ అనే పాస్తా కూడా అడగండి. నడివీధి కేఫ్‌లో కూర్చుంటే కాఫీకి చేయి కాలుతుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చాలా తక్కువ.

మే నెలో, సెప్టెంబర్ ఆఖరో మంచిది. ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల్లో ఉంటుంది, అప్పుడు వద్దు. చలికాలంలో హోటళ్లు చాలావరకు మూసేస్తారు.

ఆఖరుగా, తిరుగు విమానం ఉన్న రోజు పొద్దున కాప్రీలో ఉండేలా ప్లాన్ వేసుకోవద్దు. గాలి లేస్తే ముందు ఆగేవి వేగం పడవలే. ఒకరోజు ముందే నేపుల్స్‌కు వచ్చేయండి. పిజ్జా పుట్టిన ఊరు, ఆ రాత్రి భోజనానికి బెంగ లేదు. సెలవు.